గల్ఫ్ బడిలో టీచరు ఉద్యోగం: సంతకానికి ముందే సెలవుల లెక్క చూసుకోండి



తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు ఇళ్ళల్లో బి.ఎడ్. చదివినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు దుబాయ్, షార్జా, మస్కట్, కువైట్‌లలోని భారతీయ పాఠశాలల్లో ఉద్యోగం వెతుక్కుంటారు. అక్కడి స్కూళ్ళలో సీబీఎస్‌ఈ పాఠాలే చెబుతారు కాబట్టి మన టీచర్లకు పని కొత్తగా ఉండదు. ఇంటర్వ్యూ అయ్యాక ఇంట్లో అందరూ అడిగేది ఒక్కటే: జీతం ఎంత? సెలవులు ఎన్ని, ఎప్పుడు, వాటికి జీతం ఉందా అని అడిగేవాళ్ళు తక్కువ. తీరా వెళ్ళాక ఇంటిని ఎక్కువగా బాధపెట్టేది ఈ రెండో ప్రశ్నే. అందుకే ఈ వ్యాసం. ఇంట్లో టీచర్లు ఉన్నవాళ్ళూ, పెద్దయ్యాక టీచర్లు కావాలనుకునే పిల్లలూ నిదానంగా చదవండి.

విదేశంలో పాఠం చెప్పడం మన ఊరికి కొత్త కాదు. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1936 నుంచి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఆ ఏళ్ళలోనే, 1939 నుంచి 1948 దాకా, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ పనిచేశారు. రెండు దేశాల్లో రెండు బాధ్యతలు! ఎన్నాళ్ళు అక్కడ, ఎన్నాళ్ళు ఇక్కడ అన్నది తేల్చుకోకుండా అలాంటిది సాగదు. ఆయన స్థాయి వేరు, మన స్థాయి వేరు. కానీ సూత్రం అందరికీ ఒకటే: దూరదేశం ఉద్యోగంలో కాలం లెక్క ముందు తేలాలి.

రెండు క్యాలెండర్లు కలవవు

మన తమిళనాడు బడులకు పెద్ద సెలవులు ఏప్రిల్ చివర మొదలై మే అంతా ఉంటాయి. జూన్‌లో బడి తెరుస్తాం. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలకు ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలవుతాయి. అక్కడ ఎండ ముదిరే జూలై, ఆగస్టు నెలల్లో పెద్ద సెలవులు ఇస్తారు. అంటే మే నెలలో మీ పిల్లలు ఇంట్లో ఉంటే అమ్మ అక్కడ పాఠాలు చెబుతూ ఉంటుంది. జూలైలో అమ్మ ఊరికి వస్తే పిల్లలు బడికి పోతూ ఉంటారు. 'అమ్మ వచ్చింది, నాలుగు రోజులు లీవు ఇవ్వండి' అని పిల్లలు అడగడానికి కారణం ఇదే.

రెండు చోట్లా సెలవులు కలిసేది డిసెంబరు చివరి వారంలో. ఇక్కడ హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయ్యాక సెలవులు, అక్కడ చలికాలం సెలవులు. కానీ ఆ రోజుల్లో విమానం టికెట్టు ధర ఎక్కువ. కాబట్టి డిసెంబరులో రావాలనుకునేవాళ్ళు టికెట్టు ముందే చూసుకోవాలి. జూలైలో మాత్రమే రాగలిగేవాళ్ళు, ఏ శని ఆదివారాలు కలుస్తాయో, ఏ పరీక్షలు అడ్డం వస్తాయో మా క్యాలెండరు చూసి తేదీలు పెట్టుకోండి.

'బడి మూసిన రోజులు' వేరు, 'జీతంతో సెలవు' వేరు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏజెంటు 'రెండు నెలలు సెలవులండీ' అంటాడు. నిజమే, బడి రెండు నెలలు మూసి ఉంటుంది. ఆ రెండు నెలలకూ జీతం వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగాలకు 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. ఇది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఏడాది పని పూర్తయితే 30 రోజుల జీతంతో కూడిన సెలవు. ఆరు నెలలు దాటి ఏడాది నిండకపోతే నెలకు 2 రోజుల చొప్పున. సెలవు ఎప్పుడన్నది యజమాని నిర్ణయించవచ్చు, కానీ కనీసం ఒక నెల ముందు చెప్పాలి. టీచర్ల విషయంలో ఆ సెలవును బడి మూసే కాలంలోనే పెడతారు. అంటే మీకు నచ్చిన నెలలో 30 రోజులు అడగడానికి వీలుండదు. పెళ్ళి ముహూర్తం మే నెలలో ఉంటే, 'నాకు సెలవు మిగిలి ఉంది కదా' అన్న వాదన పనిచేయదు.

మిగతా రోజుల సంగతి? బడి 60 రోజులు మూసి, చట్టం చెప్పింది 30 రోజులైతే, మిగిలిన 30 రోజులకు జీతం ఇస్తామని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. కొన్ని బడులు మొత్తం సెలవుకీ జీతం ఇస్తాయి, కొన్ని కొంత భాగానికే ఇస్తాయి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకండి.

మొదటి ఏడాది ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏప్రిల్‌లో చేరిన టీచరుకు జూలై వచ్చేసరికి మూడు నెలలే పూర్తవుతాయి. చట్టం ప్రకారం సెలవు హక్కు మొదలయ్యేది ఆరు నెలలు దాటాక. అప్పుడు ఆ మొదటి జూలై, ఆగస్టులకు జీతం ఉందా లేదా అన్నది పూర్తిగా ఒప్పందం చేతిలో ఉంటుంది. నెలకు 5,000 దిర్హాముల జీతం అనుకుంటే, రెండు నెలలు జీతం లేకపోతే 10,000 దిర్హాములు తగ్గినట్టు. అప్పు చేసి వెళ్ళినవాళ్ళ ఇంట్లో మొదటి వాయిదాలు కట్టాల్సింది సరిగ్గా అప్పుడే.

టికెట్టు, కష్టకాలం సెలవు

ప్రతి ఏడాదీ ఊరికి వచ్చి వెళ్ళే టికెట్టు చట్టం ఇచ్చిన హక్కు కాదు. ఒప్పందంలో ఉంటేనే ఉంటుంది. ఉద్యోగం ముగిసి, వేరే యజమాని దగ్గర చేరకుండా తిరిగి వచ్చేవాళ్ళను స్వదేశం పంపే ఖర్చు మాత్రం మామూలుగా యజమానిదే. కాబట్టి అడగండి: టికెట్టు ఏడాదికొకసారా, రెండేళ్ళకొకసారా? నాకు ఒక్కదానికేనా, పిల్లలకు కూడానా? టికెట్టే ఇస్తారా, లేక ఇంత డబ్బు అని లెక్క కట్టి ఇస్తారా? డబ్బుగా ఇస్తే రద్దీ నెలల ధరకు అది సరిపోతుందా?

ఇంట్లో చావు జరిగితే? అదే చట్టం ప్రకారం భర్త లేదా భార్య పోతే 5 రోజులు, తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు వంటి దగ్గరివాళ్ళు పోతే 3 రోజులు జీతంతో సెలవు. దుబాయ్ నుంచి చెన్నైకి విమానంలో సుమారు నాలుగు గంటలు, అక్కణ్ణించి తిరుత్తణికి ఇంకో 85 కిలోమీటర్లు. రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు తీసేస్తే మిగిలేది ఒక్క రోజు. మన ఇళ్ళల్లో పెద్దకర్మ దాకా పది, పదకొండు రోజులు పడుతుంది. ఆ అదనపు రోజులు జీతం లేకుండానైనా ఇస్తారా అని చేరకముందే అడిగి పెట్టుకోవడం అపశకునం కాదు. ముసలి తల్లిదండ్రులను ఇక్కడ వదిలి వెళ్ళేవాళ్ళు తప్పకుండా అడగాలి.

జబ్బు చేస్తే ప్రొబేషన్ తరవాత ఏడాదికి 90 రోజుల దాకా సెలవు ఉంది. మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తరవాతి 30 రోజులకు సగం, మిగిలిన 45 రోజులకు జీతం లేదు. ప్రసవానికి 60 రోజులు: 45 రోజులు పూర్తి జీతం, 15 రోజులు సగం జీతం. మన దేశంలో చట్టం మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు ఇస్తుంది. అక్కడ ఆ లెక్క వేసుకోకండి.

బేసిక్ జీతం ఎంత? ఒక చిన్న లెక్క

ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. పెన్ను తీసుకోండి.

ఇద్దరు టీచర్లకూ నెలకు మొత్తం 5,000 దిర్హాములే. మొదటి టీచరు ఒప్పందంలో బేసిక్ 3,000, మిగతా 2,000 ఇంటి అద్దె, రవాణా భత్యాలు. రెండో టీచరు ఒప్పందంలో బేసిక్ 2,000, భత్యాలు 3,000. చేతికొచ్చేది సమానమే కదా అనిపిస్తుంది. ఇద్దరూ మూడేళ్ళు పనిచేసి తిరిగి వచ్చారనుకోండి. ఉద్యోగం ముగిసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్క కడతారు. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరవాత ఏడాదికి 30 రోజులు. ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు.

మూడేళ్ళకు 21 × 3 = 63 రోజులు. మొదటి టీచరుకు రోజు బేసిక్ 100 దిర్హాములు, కాబట్టి 6,300. రెండో టీచరుకు 2,000 × 63 ÷ 30 = 4,200. తేడా 2,100 దిర్హాములు. వాడుకోని సెలవులకు చివర్లో ఇచ్చే డబ్బు కూడా బేసిక్ మీదే లెక్క. 15 రోజులు మిగిలితే ఒకరికి 1,500, ఇంకొకరికి 1,000. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు.

ఏజెంటు, ఫీజు, పాస్‌పోర్టు

మనవాళ్ళు చాలామంది అనుకునేది: 'గవర్నమెంటు చూసే కదా పంపిస్తుంది.' టీచర్ల విషయంలో ఇది నిజం కాదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివాళ్ళు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అప్పుడు వాళ్ళ ఒప్పందాన్ని ఒక అధికారి చూస్తాడు. పదో తరగతి దాటినవాళ్ళకు ఆ అనుమతి అక్కర్లేదు. నర్సులకు మాత్రం 2015 నుంచి ప్రత్యేకంగా తప్పనిసరి చేశారు, టీచర్లకు చేయలేదు. అంటే కూలి పనికి పోయేవారి కాగితం ఎవరో ఒకరు చూస్తారు, బి.ఎడ్. చదివిన టీచరు కాగితం టీచరే చూసుకోవాలి.

ఏజెంటు ద్వారా వెళ్తే, అతనికి విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడండి. రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ. దానికి రసీదు ఇవ్వాలి. లక్షలు అడిగితే అది ఫీజు కాదు. ఎమిరేట్స్ చట్టమైతే యజమాని కూడా నియామకం ఖర్చును ఉద్యోగి నుంచి రాబట్టకూడదని చెబుతుంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడం కూడా నిషిద్ధం. అసలు సర్టిఫికెట్లు చూపించండి, నకళ్ళు ఇవ్వండి, అసలువి మీ దగ్గరే పెట్టుకోండి.

'ముందు విజిట్ వీసాలో వచ్చేయండి, అక్కడ మార్చేస్తాం' అంటే ఆగండి. విజిట్ వీసా మీద పనిచేయడం చట్టవిరుద్ధం. అనుమతి లేకుండా పని చేయించుకునే యజమానికి 2024 సవరణ ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జరిమానా. కానీ చిక్కు పడేది టీచరు కూడా. ఒప్పందం లేని చోట సెలవూ లేదు, గ్రాట్యుటీ లేదు.

ఫీజుల సంగతి గల్ఫ్‌తోనే ఆగదు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలల వ్యవస్థ, యజమాని కట్టాల్సిన హెచ్-1బి వీసా ఖర్చులను విదేశీ టీచర్ల చేత కట్టించింది. అక్కడి కార్మిక శాఖ విచారించింది. 2011లో 1,044 మంది టీచర్లకు 42 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. అయితే రెండేళ్ళపాటు విదేశీ టీచర్లకు వీసా దరఖాస్తు చేయకుండా ఆ సంస్థపై నిషేధం కూడా పడింది. దాంతో అప్పటికే పనిచేస్తున్న చాలామంది వీసా పొడిగింపు ఆగిపోయింది. న్యాయం దక్కింది, కానీ ఉద్యోగం దక్కలేదు. చేరకముందు అడగడం ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆఫర్ లెటరు ఏ భాషలో?

ఎమిరేట్స్‌లో కార్మిక శాఖ నమూనాలో ఇచ్చే ఆఫర్ లెటరు మీద ముందు సంతకం చేయాలి. తరవాత నమోదయ్యే ఒప్పందం దానికి తగ్గట్టే ఉండాలి. 2016లో ఈ పద్ధతి మొదలైనప్పుడు అరబిక్, ఇంగ్లీషుతోపాటు ఉద్యోగికి అర్థమయ్యే మూడో భాషలో కూడా ఇవ్వాలన్నారు. ఆ భాషల జాబితాలో హిందీ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. మన జిల్లా పిల్లలకు ఇక్కడ ఒక మేలు ఉంది: ఇంట్లో తెలుగు, బడిలో తెలుగుతోపాటు తమిళం చదువుతారు. ఇంగ్లీషు కాగితం సందేహంగా ఉంటే తమిళ ప్రతి అడగండి. ఇంట్లో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లో పిల్లాడో అమ్మకు చదివి వినిపించగలరు. రెండు భాషలు నేర్చుకోవడం పరీక్ష మార్కులకే కాదు.

మిగతా దేశాల్లో

చట్టం ప్రకారం ఏడాది సెలవు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. కువైట్, ఒమాన్‌లలో 30 రోజులు. సౌదీ అరేబియాలో 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు దాటితే 30. ఖతార్‌లో 3 వారాలు, ఐదేళ్ళు దాటితే 4 వారాలు. దుబాయ్‌లో పనిచేసిన బంధువు చెప్పింది సౌదీకి పనికిరాదు.

ఇంగ్లండ్ ప్రభుత్వ పాఠశాలల పద్ధతి వేరు. అక్కడ పూర్తికాలం టీచరు ఏడాదికి 195 రోజులు పనికి హాజరవ్వాలి. జీతం మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. కానీ తరగతులు నడిచే రోజుల్లో సొంత పనికి సెలవు దొరకడం కష్టం. అమెరికాకు జె-1 ఎక్స్ఛేంజ్ వీసా మీద వెళ్ళే టీచరుకు మొదట 3 ఏళ్ళు, పొడిగింపు దొరికితే ఇంకో 2 ఏళ్ళు. ఆ తరవాత తిరిగి రావాలి. అక్కడే స్థిరపడే దారి అనుకుని ఇల్లు అమ్ముకుని పోవద్దు.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఈ ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని, జవాబులు ఈమెయిల్లోనే తెప్పించుకోండి.

1. జూలై, ఆగస్టు సెలవులకు పూర్తి జీతం ఉందా? మొదటి ఏడాది కూడానా?
2. బడి సెలవుల్లో ట్రైనింగు, అడ్మిషన్ల పనికి ఎన్ని రోజులు రావాలి?
3. బేసిక్ ఎంత, భత్యాలు ఎంత?
4. టికెట్టు ఎవరికి, ఎన్నాళ్ళకొకసారి?
5. ప్రొబేషన్ ఎన్ని నెలలు? ఎమిరేట్స్‌లో ఆరు నెలలకు మించకూడదు. ఆ కాలంలో మానేసి దేశం వదలాలంటే 14 రోజుల ముందు చెప్పాలి.
6. ప్రొబేషన్ తరవాత నోటీసు ఎంత? అక్కడి చట్టంలో 30 నుంచి 90 రోజులు. విద్యా సంవత్సరం మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది?
7. పిల్లల్ని తీసుకుపోతే అదే బడిలో ఫీజు తగ్గింపు ఎంత?
8. తల్లిదండ్రులకు జబ్బు చేస్తే జీతం లేని సెలవు ఇస్తారా?

ఇక్కడ ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో పనిచేసేవాళ్ళు పై అధికారుల అనుమతి లేకుండా విదేశీ ఉద్యోగంలో చేరకూడదు. ప్రైవేటు బడిలో ఉన్నవాళ్ళు వీసా చేతికి వచ్చాకే రాజీనామా ఇవ్వండి. ఎమిరేట్స్ ఉద్యోగానికి డిగ్రీ, బి.ఎడ్. సర్టిఫికెట్ల మీద రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరసగా ముద్రలు వేయాలి. దానికి సమయం పడుతుంది, ముందే మొదలుపెట్టండి.

సహాయం ఎక్కడ?

చెన్నైలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. తమిళనాడు ప్రభుత్వ సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ 1978 నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసి పంపుతోంది. విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. అక్కడికి వెళ్ళాక చిక్కు వస్తే మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెడితే ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి చేరుతుంది. వెళ్ళే ముందు ఒప్పందం, పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఒక సెట్టు ఇంట్లో తప్పక పెట్టి వెళ్ళండి. అక్కడ ఇబ్బంది వస్తే ఇక్కడ నుంచి ఫిర్యాదు చేయాల్సింది ఇంట్లోవాళ్ళే.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. అమ్మో నాన్నో విదేశంలో ఉంటే, వాళ్ళు ఊరికి వచ్చే తేదీలు తెలిసిన వెంటనే క్లాసు టీచరుకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ వారంలో యూనిట్ టెస్టు ఉందో లేదో ముందే చూసుకోవచ్చు. ఏడాదికి ఒక్కసారి దొరికే రోజులవి. పిల్లలు బడినీ పోగొట్టుకోకూడదు, అమ్మతో గడిపే సాయంత్రాలనూ పోగొట్టుకోకూడదు.